లాడ్జి కౌంటరులో కూర్చునేవాడు దేవుని సన్నిధికి సాక్షిగా ఎలా బ్రతకాలి?

రాత్రి షిఫ్టు (తిరుపతి) అడిగిన ప్రశ్న:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఒక లాడ్జిలో రిసెప్షన్ పని చేస్తున్నాను. ఎక్కువగా రాత్రి డ్యూటీయే పడుతుంది. మా దగ్గర దిగేవారు దాదాపు అందరూ శ్రీవారి దర్శనానికి వచ్చిన యాత్రికులే. అర్ధరాత్రి రైలు దిగి, నిద్రపోతున్న పిల్లలను భుజాన వేసుకుని వచ్చి, గది ఉందా, వేడినీళ్లు ఎన్నింటికి వస్తాయి, సర్వదర్శనం టోకెన్లు ఎక్కడ ఇస్తారు అని అడుగుతారు. ఆధార్ కార్డు చూసి పేరు రిజిస్టరులో రాసుకోవడం, అడ్వాన్సు కట్టించుకోవడం, తాళం ఇవ్వడం, తెల్లవారుజామున తలుపు తట్టి లేపడం, ఇంతే నా ఉద్యోగం.

మొన్న ఆదివారం మా పాస్టరు గారు, విశ్వాసి ఎక్కడ ఉన్నా దేవుని సన్నిధికి సాక్షిగా ఉండాలని, ఆరాధనలో ఒకలాగా, పనిలో ఒకలాగా ఉండకూడదని బోధించారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. కాని ఇంటికి వెళ్లి ఆలోచిస్తే నా పనిలో దానిని ఎలా అమలు చేయాలో అర్థం కాలేదు. దేవుని దర్శనం కోసమే ఇంత దూరం వచ్చిన మనిషికి, అతను అడగకుండా, నేను నా విశ్వాసం గురించి చెప్పడం మర్యాద కాదని నాకు తెలుసు. యజమాని కూడా ఊరుకోరు. చెప్పకుండా మంచిగా నడుచుకుంటే, ‘కుర్రాడు మంచివాడు’ అంటారు, అంతటితో సరి. ఆ మంచితనం నాదనుకుంటారు గాని దేవునిదని ఎవరికి తెలుస్తుంది?

ఇంకొక సంగతి కూడా అడగాలి. నాకు దేవుని సన్నిధి తెలిసేది తెల్లవారిన తరువాత ఇంట్లో మోకరించినప్పుడే. కౌంటరులో ఉన్నంతసేపూ గదులు, బిల్లులు, గీజరు పనిచేయడం లేదనే ఫిర్యాదులు తప్ప మరేమీ తోచదు. నాకే తెలియని సన్నిధికి నేను సాక్షిని ఎలా అవుతాను?

మరొకటి, చిన్నదే గాని మనసులో మెదులుతోంది. త్వరగా దర్శనం చేయిస్తామని డబ్బు గుంజే దళారులు మా కౌంటరు దగ్గరే తచ్చాడుతుంటారు. నేను వారి దగ్గర రూపాయి తీసుకోను. కాని యాత్రికులతో వారు మాట్లాడుతుంటే అడ్డు చెప్పాలా, నా పని నేను చూసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. పెద్దలు ఎవరైనా చెప్పగలరు.


కొర్లగుంట మాస్టారు సమాధానం:

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాడిని. మా లూథరన్ సంఘంలో పిల్లలకు కన్ఫర్మేషన్ తరగతులు, అంటే తమ విశ్వాసాన్ని సంఘం ముందు తామే ఒప్పుకునేందుకు సిద్ధం చేసే పాఠాలు, చెబుతుంటాను. కాబట్టి కొంత పంతులు ధోరణి కనిపిస్తే ఓర్చుకోవాలి.

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని కథ మనకందరికీ కంఠోపాఠమే. యాజకుని మీద, లేవీయుని మీద, సమరయుని మీద వినని ప్రసంగం లేదు. ఆ కథలో ఇంకొకడు ఉన్నాడు, పూటకూళ్లవాడు, అంటే బాటసారులకు బస, తిండి ఇచ్చే సత్రంవాడు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారిలో దొంగలు కొట్టి పడేసిన మనిషిని సమరయుడు తన వాహనం మీద ఎక్కించుకుని అతని దగ్గరికే తీసుకువస్తాడు. ఆ రాత్రి తానే దగ్గరుండి చూసుకుని, మరునాడు రెండు దేనారములు చేతిలో పెట్టి, ఇతనిని కనిపెట్టుకుని ఉండు, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి వెళ్లిపోతాడు. మత్తయి 20వ అధ్యాయం ప్రకారం ఒక దేనారము కూలివానికి ఒక రోజు కూలి. అంటే రెండు రోజుల కూలి అడ్వాన్సు, మిగతాది నమ్మకం. సమరయుడు వెళ్లిన తరువాత ఆ గాయాలకు కట్లు మార్చినది, గంజి పోసినది, రాత్రి మూలుగు వినిపిస్తే లేచి చూసినది ఎవరై ఉంటారు? పూటకూళ్లవాడు కథంతటిలో ఒక్క మాట కూడా మాట్లాడడు. అయినా అతడు సరిగా చేయకపోతే సమరయుడు చేసినదంతా వృథా అయిపోయేది. అతడు లెక్కలో నాలుగు డబ్బులు ఎక్కువ రాసుకున్నా అడిగే సాక్షి లేడు. నీ ఉద్యోగం చేసే మనిషిని యేసు ప్రభువు తన కథలో పెట్టుకున్నాడు, తమ్ముడూ. దూర ప్రయాణం చేసి అలసి వచ్చిన మనిషిని నీకు అప్పగించినప్పుడు, గది శుభ్రంగా ఉండడం, చెప్పిన రేటే తీసుకోవడం, చెప్పిన వేళకు లేపడం సాక్ష్యానికి ముందుమాట కాదు, అదే సాక్ష్యం.

‘మంచివాడు’ అని ఊరుకుంటారన్నావు. యేసు కొండమీది ప్రసంగంలో, మత్తయి 5:16లో, మీ వెలుగు ప్రకాశించనివ్వండి, మీ సత్‌క్రియలను చూచి మనుష్యులు మీ తండ్రిని మహిమపరచాలని ఉంది. అదే ప్రసంగంలో 6:1లో మనుష్యులకు కనబడాలని నీతికార్యం చేయవద్దని ఉంది. ఈ రెంటిని పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు తోచేది ఇది: వెలుగు కనబడడం మన పనే, కనబడిందో లేదో లెక్క చూసుకోవడం మన పని కాదు. ఆ మహిమ ఎవరికి చెందిందో తేల్చే బాధ్యత దేవుడు మన మీద పెట్టలేదు.

మాట్లాడే సమయం రాదని కూడా అనుకోవద్దు. 2 రాజులు 5వ అధ్యాయంలో సిరియా సేనాధిపతి నయమాను ఇంట ఉన్న ఇశ్రాయేలు చిన్నదానిని చూడు. యుద్ధంలో చెరపట్టబడి, పరాయి దేశంలో, తన దేవుని ఎరుగని ఇంట్లో పనిచేస్తోంది. ఆమె వారికి బోధించినట్టు ఎక్కడా లేదు. యజమాని కుష్ఠుతో బాధపడుతుంటే మాత్రం, షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరికి వెళితే బాగుపడతాడని ఒకే ఒక్క మాట చెప్పింది. ఆ ఇంటివారు దానిని నమ్మారంటే, అంతకు ముందు ఆమె పని చూసి ఉంటారు. పైగా తనను చెరపట్టినవారి మేలు కోరి చెప్పిన మాట అది. అడిగినవారికి సాత్వికంతోను భయంతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు మొదటి పత్రిక 3:15లో రాసింది కూడా, నలుమూలలా ఇతర ఆరాధనల మధ్య చెదరి ఉన్న చిన్న చిన్న సంఘాలకే. అడగనివారిని పట్టుకుని చెప్పమని అక్కడ లేదు. (ఈ మాట అంటే మా సంఘంలోనే కొందరికి కోపం వస్తుంది.) కొండ మీద ఇతర మత ప్రచారం 2007 నుంచి చట్టప్రకారం నిషేధం. కింద పట్టణంలో ఆ నిషేధం లేకపోయినా, అర్ధరాత్రి గది కోసం నీ ఎదుట నిలబడి ఉన్న మనిషికి, వద్దని పక్కకు తప్పుకునే వీలు లేనప్పుడు, బోధ చేయడం ప్రేమ అనిపించుకోదు.

ఇక నీ రెండో ప్రశ్నే నాకు అసలు ప్రశ్న అనిపించింది. యాకోబు ఇల్లు విడిచి పారిపోతూ, పొద్దు గుంకితే దారిలో ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. నిద్ర లేచాక గదా, యెహోవా ఈ స్థలంలో ఉన్నాడు, నాకు తెలియలేదు అన్నాడు! సన్నిధి ముందు, తెలియడం తరువాత. నీకు ఎల్లవేళలా తెలుస్తూ ఉండాలనే నియమం ఎక్కడా లేదు. చేయగలిగినది ఒకటి చెబుతాను. రిజిస్టరులో పేరు రాసేటప్పుడు కలం ఆ పేరు మీద ఉన్నంతసేపు ఆ మనిషిని దేవునికి అప్పగించు. పైకి అనవద్దు, వారికి చెప్పవద్దు. బబులోనుకు చెరపోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో (29:7), మీరున్న పట్టణ క్షేమం కోరి దాని కోసం ప్రార్థన చేయండని ఉంది. మనకు తిరుపతే ఆ పట్టణం. 19వ శతాబ్దంలో జర్మనీలోని హెర్మాన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీల నాటి నుంచి మనవాళ్లు ఇక్కడ యాత్రికుల మధ్యే, వారి రాకపోకల మీద బ్రతికే ఊరిలోనే, కొద్దిమందిగా బ్రతుకుతున్నారు. 1529లో లూథరు పిల్లల కోసం రాసిన ప్రశ్నోత్తరాలలో, ప్రభువు ప్రార్థనలోని ‘అనుదినాహారము’ అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబుగా తిండి, బట్ట, ఇల్లు, మంచి ప్రభుత్వంతో పాటు నమ్మదగిన పొరుగువారిని కూడా చేర్చాడు. ఆ లెక్కన నీవు ఒక యాత్రికుని అనుదినాహారంలో భాగం.


అలిపిరి దారి సమాధానం:

నేను క్రైస్తవుడిని కాను, స్వామివారి భక్తుడిని. ఈ చర్చలో దూరవచ్చునా అని సందేహించాను గాని, ఎదుటివైపు నుంచి చూసేవారి మాట కూడా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను కొండకు నడిచే బస్సుల గ్యారేజీలో సూపర్‌వైజరుగా పనిచేసి విరమించాను. మా షెడ్డులో ఒక క్రైస్తవ మెకానిక్కు ఉండేవాడు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కిందికి దిగడానికి వాడతారు. దిగేటప్పుడు డ్రైవరు ఎంత చిన్న గేరులో దింపినా బ్రేకుల మీద భారం పడక తప్పదు, లైనర్లు త్వరగా అరుగుతాయి. కాబట్టి మా షెడ్డులో బ్రేకు పని అంటే ప్రాణాల పని. ఆ మనిషి డ్రమ్ము విప్పితే లైనరు మందం కొలిచి చూడకుండా మూసేవాడు కాదు. ఎయిర్ ట్యాంకులో చేరిన నీటిని పూర్తిగా వదిలి, బస్సును ముందుకు రెండు గజాలు నడిపించి, ఆపి, మళ్లీ నడిపించి, అప్పుడు సంతకం పెట్టేవాడు. వెనుక బస్సులు వరుసగా నిలబడి ఉన్నాయి, త్వరగా కానివ్వమని నేనే కేకలు వేసేవాడిని. ‘సార్, ఇందులో ఎక్కేది దేవుడి దగ్గరకు వెళ్లి వచ్చేవాళ్లు’ అనేవాడు. అతని దేవుడు వేరు, బస్సులో ఎక్కేవారి దేవుడు వేరు అని నాకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా ఆ మాటలో నటన లేదు. వైకుంఠ ఏకాదశి నాడు తాను డ్యూటీ చేసి మమ్మల్ని వదిలేవాడు, క్రిస్మసుకు మేము అతనిని వదిలేవాళ్లం. అతను ఎప్పుడూ మాకు ఏమీ బోధించలేదు. మా ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మాత్రం, నీవు ఎలా ధైర్యంగా ఉంటావయ్యా అని నేనే అడిగాను. అప్పుడు చెప్పాడు, నేను విన్నాను. నా భక్తి మారలేదు, అతని మీద గౌరవం పెరిగింది. అది మీ లెక్కలో సాక్ష్యం అవుతుందో కాదో మీరే చెప్పాలి.

మాస్టారు గారు చెప్పినదానిలో ఒక సంగతి మీద మాత్రం నా మనవి. పేరు రాసేటప్పుడు ప్రార్థన చేయడం మీద నాకు అభ్యంతరం లేదు. ఎవరు మంచి కోరినా మంచిదే. కాని మేలు చేసి దానిని గాలంగా వాడితే మాకు తెలిసిపోతుంది. కాఫీ ఇచ్చిన చెయ్యి కరపత్రం కూడా ఇస్తే, ఆ కాఫీ ఎందుకు ఇచ్చారో అన్న అనుమానం కలుగుతుంది. అది జరగకుండా చూసుకుంటే చాలు.


మురకంబట్టు (చిత్తూరు) సమాధానం:

పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి. కాని మాస్టారు గారి మాటల్లో ఒక వెలితి కనబడింది, చెప్పకుండా ఉండలేను. పని బాగా చేస్తే అదే సాక్ష్యం అన్నది, ఆ పని బాగా చేయనిచ్చే చోట చెల్లుతుంది. చేయనివ్వని చోట ఏమిటి?

నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేశాను. సీజనులో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డు దాకా వరుస కట్టి ఉంటాయి. రైతు తెల్లవారుజామున వచ్చి, బండి కిందే తువ్వాలు పరుచుకుని పడుకుని, తన వంతు కోసం ఎదురుచూస్తుంటాడు. ఎండ ఎక్కినకొద్దీ కాయ మెత్తబడుతుంది, బరువు తగ్గుతుంది, అతని బెంగ పెరుగుతుంది. నిండు బండి తూకం వేసి, కాయ దించాక ఖాళీ బండి తూకం వేసి, తేడా రాసి చీటీ ఇవ్వడం నా పని. మచ్చకాయకు, తొడిమకు ఇంత అని తరుగు తీస్తారు, అది రైతుకు ముందే తెలుసు. ఒక సీజనులో పైనుంచి మాట వచ్చింది, తరుగు కాక ఖాళీ బండి బరువును కొంచెం ఎక్కువగా రాయమని. అలా రాస్తే కాయ బరువు తగ్గినట్టు చీటీలో పడుతుంది, రైతు పట్టుకోలేడు. తెర మీద ఏ అంకె కనబడితే ఆ అంకే రాస్తానని నేను చెప్పాను. వాదించలేదు, వాక్యం ఎత్తలేదు. రెండు విధములైన తూనికరాళ్లు నీ సంచిలో ఉండకూడదని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయంలో ఉన్నది నాకోసమే గాని వారికి వినిపించడానికి కాదు. తరువాతి సీజనుకు నన్ను కాటా నుంచి తీసి డబ్బాలకు లేబుళ్లు అంటించే చోట వేశారు, జీతం తగ్గింది.

ఏ రైతుకూ ఈ సంగతి తెలియదు. ఎవరూ నా సత్‌క్రియను చూచి పరలోకపు తండ్రిని మహిమపరచలేదు. మా సంఘంలో కూడా కొందరు, అంత పట్టుదల ఎందుకమ్మా, నీకేమైనా రాసిస్తారా అన్నారు. అందుకే మాస్టారు గారిని అడుగుతున్నాను: మత్తయి 5:16 చదివేటప్పుడు 5:10 నుంచి 12 వరకు ఉన్నది ఎందుకు వదిలేస్తాం? నీతి నిమిత్తం హింసింపబడేవారు ధన్యులని, నా నిమిత్తం జనులు మిమ్మల్ని నిందిస్తే సంతోషించండని చెప్పిన వెంటనే ప్రభువు వెలుగు మాట ఎత్తాడు. ఆ వెలుగు కొన్నిసార్లు మన ఉద్యోగాన్ని కూడా కాలుస్తుంది.

తమ్ముడూ, సన్నిధి తెలియడం లేదని నీవన్నావు గనుక ఇదొకటి చెబుతాను. మా అమ్మమ్మ మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వంటశాలలో పనిచేసేది. 1912లో అనేక మిషన్లు కలిసి స్థాపించిన సంస్థ అది. క్షయను లొంగదీసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకు అక్కడికి వచ్చిన రోగికి ఇవ్వగలిగింది ప్రధానంగా విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి విసుక్కోని మనుషులు. కొందరు కోలుకునేవారు, కొందరు అక్కడే కన్నుమూసేవారు. మా అమ్మమ్మకు చదువు రాదు, సాక్ష్యం చెప్పమంటే నోరు పెగిలేది కాదు. రోగి తినకుండా గిన్నె వెనక్కి పంపితే మాత్రం మళ్లీ వేడి చేసి తానే తీసుకుపోయి నిలబడేది. దేవుని సన్నిధి తనకు తెలిసేదా అని నేను అడగలేదు. అడిగితే పాలు పొంగుతున్నాయి పో అని ఉండేది.


రాత్రి షిఫ్టు:

అక్కా, మాస్టారు గారూ, అలిపిరి అన్నా, ముగ్గురికీ కృతజ్ఞతలు. పూటకూళ్లవాని సంగతి చదివాక కౌంటరులో కూర్చోవడమే వేరుగా ఉంది. అక్క చెప్పినది కూడా మనసులో పెట్టుకున్నాను.

ఇంకొక చిక్కు ఉంది, ఇది తిరుపతిలో ఉన్న క్రైస్తవులందరికీ తెలిసినదే. దర్శనం చేసుకుని వచ్చినవారు గది ఖాళీ చేసేటప్పుడు ప్రేమగా లడ్డూ ప్రసాదం తెచ్చి చేతిలో పెడతారు. వద్దంటే నొచ్చుకుంటారు. తీసుకుంటే, మా సంఘంలో విగ్రహార్పితం తిన్నావంటారు. ఒకసారి ఒక పెద్దావిడ, మా మనవడిలాగా ఉన్నావు తిను అని చిదిమి నోటి దాకా తెచ్చింది. అలాంటి చోట సాక్షిగా ఉండడం అంటే ఏమిటి?


వాక్యమే దీపం సమాధానం:

ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు సహోదరా. అపొస్తలుల కార్యములు 15:29లో యెరూషలేము సంఘం విగ్రహములకు అర్పించినవాటిని విసర్జించమని స్పష్టంగా రాసి పంపింది. ప్రకటన 2వ అధ్యాయంలో పెర్గము, తుయతైర సంఘాలను ప్రభువు గద్దించింది కూడా ఈ విషయంలోనే. నొచ్చుకుంటారని రాజీపడితే సాక్ష్యం ఎక్కడ ఉంటుంది? వద్దని చెప్పి ఎందుకు వద్దో కూడా అక్కడే ప్రకటించాలి.


కొర్లగుంట మాస్టారు సమాధానం:

ముందు మురకంబట్టు అమ్మాయికి. నీవు అడిగినది న్యాయమైన ప్రశ్న. 10 నుంచి 16 వరకు కలిపే చదవాలి, ఒప్పుకుంటున్నాను. ఎవరూ చూడని పని గురించి కూడా అదే ప్రసంగంలో మాట ఉంది, రహస్యమందు చూచు నీ తండ్రి అని. నీ చీటీలు ఆయన చూశాడు.

ఇక ప్రసాదం విషయం. వాక్యమే దీపం గారు ఎత్తిన వచనాలు నిజమే. కాని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8 నుంచి 10 అధ్యాయాలు కూడా వాక్యమే. అక్కడ పౌలుకు ఎదురైన పరిస్థితి మనదానికి చాలా దగ్గర. గుళ్లలో అర్పించిన మాంసం కటికి అంగడిలో అమ్మేవారు, స్నేహితుల ఇళ్లలో వడ్డించేవారు. అంగడిలో అమ్మినది ఏదైనా విచారణ చేయకుండా తినవచ్చన్నాడు. గుడిలోని పంక్తిలో కూర్చుని ఆ ఆరాధనలో పాలుపంచుకోవడం మాత్రం కూడదన్నాడు. ఈ రెంటికీ నడుమ, 10:28లో, ఒకడు ఇది బలి అర్పింపబడినదని నీతో చెబితే తినవద్దు అన్నాడు. ఎందుకు? చెప్పినవాని మనస్సాక్షి కోసం. కారణం భయం కాదు, ఆ వస్తువులో ఏదో ఉందనీ కాదు. తాను పవిత్రమని నమ్మి ఇస్తున్న మనిషికి, నీవు తింటే తన ఆరాధనలో నీవూ చేరావన్న అర్థం పోతుంది. అర్థం తప్పుగా పోనివ్వకపోవడం అతనికి మనం ఇవ్వవలసిన నిజాయితీ.

అందువల్ల నేను తినను. అయితే ఎలా వద్దంటామన్నది తినకపోవడం కంటే పెద్ద సంగతి. చేతులు వెనక్కి లాక్కుని, ముఖం చిట్లించి, అక్కడికక్కడే వారి దేవుని తక్కువ చేస్తూ మాట్లాడితే, పేతురు చెప్పిన సాత్వికం ఏమైనట్టు? ఆ పెద్దావిడ మత చర్చ చేయడానికి రాలేదు, కొండ దిగి వచ్చిన సంతోషంలో ఒక పరాయి పిల్లవాడిని మనవడిని చేసుకుంది. ఆ సంతోషం నీకు దేవుడిచ్చిన బహుమానమే. లేచి నిలబడి, ‘అమ్మా, నన్ను గుర్తుపెట్టుకుని తెచ్చారు, చాలా సంతోషం. నేను క్రైస్తవుడిని, ప్రసాదం తినను. మా వాచ్‌మన్‌కు ఇస్తే కళ్లకద్దుకుని తింటాడు, ఇవ్వమంటారా?’ అని అడుగు. ఎవరూ అడగకుండా నీ విశ్వాసం గురించి నీవు చెప్పవలసి వచ్చే చోటు బహుశా ఇదొక్కటే, అదీ రెండు ముక్కల్లో.

ఈ విషయంలో వేరుగా నడుచుకునే విశ్వాసులు తిరుపతిలో ఉన్నారు. మారుమాట లేకుండా తీసుకుని ఇంకొకరికి ఇచ్చేవారు ఉన్నారు, అది లడ్డూయే గదా అని తినేవారూ ఉన్నారు. తిండి విషయంలో ఒకరికొకరు తీర్పు తీర్చుకోవద్దని చెప్పే రోమా 14 చదివినవాడు వారికి తీర్పు తీర్చడు. నేనూ తీర్చను.


అలిపిరి దారి సమాధానం:

మాస్టారు గారు చెప్పిన పద్ధతి మాకు బాగానే ఉంటుంది. ప్రసాదం వద్దన్నందుకు ఎవరికీ కోపం రాదు. తీసుకుని చెత్తబుట్టలో వేస్తే, టేబులు సొరుగులో చీమలు పట్టేదాకా వదిలేస్తే బాధ కలుగుతుంది. వాచ్‌మన్‌కు ఇచ్చే పద్ధతే మంచిది. ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇవ్వు నాయనా, అది చాలు.


మురకంబట్టు సమాధానం:

లడ్డూ గురించి ఇంత చర్చ జరిగింది గాని దళారుల మాట అందరూ వదిలేశారు. నాకైతే అదే అసలైనది. తమ్ముడు రూపాయి తీసుకోనంత మాత్రాన సరిపోదు. ఊరు కొత్త, భాష రాదు, రాత్రి వేళ, ఎవరిని అడగాలో తెలియదు. అలాంటివారు నీ కళ్లముందే మోసపోతుంటే, కొట్టబడినవానిని చూసి పక్కగా పోయిన లేవీయునికీ నీకూ తేడా ఏమిటి? దళారితో గొడవపడమని అనను, ఇల్లు గడవాలి గదా. యజమానిని అడిగి ఒక కాగితం కౌంటరు అద్దానికి అంటించు: ‘సర్వదర్శనం టోకెన్లు ఉచితం. బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణునివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సులో ఇస్తారు. ఎవరికీ డబ్బు ఇవ్వవద్దు.’ తెలుగులో, తమిళంలో పెద్ద అక్షరాలతో రాయి. తాళం ఇచ్చేటప్పుడు అదే మాట నోటితో కూడా చెప్పు. కొన్ని కుటుంబాలకైనా మేలు జరుగుతుంది. దానికి యేసు పేరు కలపనవసరం లేదు.


రాత్రి షిఫ్టు:

అక్కా, యజమానిని అడిగాను. మన లాడ్జికి మంచి పేరు వస్తుందిలే అని ఒప్పుకున్నారు. తెలుగు కాగితం అంటించాను, తమిళం మా వంటమాస్టరు రాసిచ్చాడు. ఒక దళారి వచ్చి చదివి, నా కడుపు మీద కొడతావా అన్నాడు. టోకెన్లు ఎక్కడ ఇస్తారో రాశాను, నీ పేరు రాయలేదు అన్నాను. ఇప్పుడు మా మెట్ల దగ్గర నిలబడడం మానేసి పక్క సందులోకి మారాడు. అక్కడి లాడ్జిలో మా సంఘం అన్న ఒకరు పగటి డ్యూటీ చేస్తారు, వారికి కూడా ఒక కాగితం ఇస్తాను. కన్నడంలోను హిందీలోను రాసి పెట్టగలవారు ఎవరైనా ఉంటే ఇక్కడే పంపండి.